పరుల వంటను నిందింపరాదు

ఎగతాళికి సులభముగ దొరకు వస్తువులలో పరుల భోజన మొకటి. మధ్యాహ్నమున తోటివారు గిన్నె మూత తీయగనే "అబ్బే, ఇదేమి కంపు!" అని ముక్కు మూసికొను బాలబాలికలు ఏ పాఠశాలయందైనను కనబడుదురు. పెద్దలు దీనిని పిల్లచేష్టగ నెంచి నవ్వి యూరకుందురు. మేమట్లు నవ్వజాలము. తల్లి వండి పంపిన యన్నమును చాటుచేసికొని తిను బిడ్డ తన తల్లిని చూచియే సిగ్గుపడుట నేర్చుకొనును. ఇది చిన్న హాని కాదు.

"మా వంట మాది, మీ వంట మీది" అను గర్వమునకు మూలము అజ్ఞానము. ఇందుకొక నిదర్శనము చూపుదుము. ఇటలీ దేశమున రోము నగరప్రాంతపు వంటకములలో "పెన్నె అర్రబ్బియాత" యనునది ప్రసిద్ధము. పెన్నె యనగా ఈకకలములు. గట్టి గోధుమల రవ్వతో చేసిన గొట్టముల కొనలను కలపు పాళివలె ఏటవాలుగ కోయుటచే ఆ పేరు వచ్చినది. అర్రబ్బియాత యనగా కోపించినది; మిరప కారమే యా కోపము.

అయితే ఇందలి మిరపయు, మన పెద్దలు రామములగ యను టొమేటోయు ఇటలీలో పుట్టినవి కావు. రెండును అమెరికా ఖండమునకు చెందినవి. 1492లో కొలంబసు ఆ ప్రాంతపు దీవులను చేరిన పిమ్మటనే అవి ఐరోపాకు వచ్చినవి. 1690 దశకమున నేపుల్సులో అచ్చయిన తన పాకగ్రంథమున ఆంటోనియో లాటీని టొమేటో పచ్చడి నొకదానిని వర్ణించుచు, దానికి స్పెయినువారి పద్ధతి యని పేరు పెట్టెను. అనగా నేడు ఇటలీకి గుర్తుగానున్న రుచిని ఆనాటి ఇటలీవారు పరదేశపుదిగ నెంచిరి.

మనమును ఇట్టివారమే. 1498లో వాస్కో డ గామా కళ్లికోటను చేరెను. మన పెద్దలు బుడతకీచులని పిలిచిన ఆ పోర్చుగీసువారి రాకపోకలవలననే మిరప మన దేశమున అడుగుపెట్టెను. అంతకుముందు మన పూర్వుల కారము మిరియములు, పిప్పళ్లు, అల్లమును. గుంటూరు మిరపను చూచి గర్వించు మనమును, రోమునందలి వంటవాడును ఒకే యతిథిని ఇంటివానిగ చేసికొన్నవారము.

ఉపన్యాసములచే ఎగతాళి మానదు. పరుల వంటను స్వహస్తములతో వండుటయే తగిన మందు. ఈ వంటకము మొదలుపెట్టుటకు అనువైనది. నలుగురికి 400 గ్రాముల పెన్నె చాలును. నాలుగు లీటర్ల నీటిని మరిగించి, 40 గ్రాముల ఉప్పు వేసి, గొట్టములను పంటికి కొంచెము గట్టిగ తగులునంతవరకే ఉడికింపవలెను. ఈలోపల ఆలివు నూనెలో రెండుమూడు వెల్లుల్లి రెబ్బలను, తుంచిన యెండుమిరపకాయలను సన్నసెగపై వేచవలెను. మిరప నల్లబడినచో చేదెక్కును. పిదప అరకిలో పండిన టొమేటోలను తరిగి వేసి, చిక్కబడువరకు మగ్గనిచ్చి, ఉడికిన గొట్టములను, అవి యుడికిన నీటిని ఒక గరిటెడును చేర్చి కలుపవలెను.

చదువుటకు సులభముగనున్న ఈ పని పొయ్యియొద్ద ఎంత యేకాగ్రత కోరునో వండినవారికే తెలియును. అది తెలిసినవాడు మరియొకరి తల్లి వండినదానిని చూచి ముక్కు మూసికొనడు. కావున తల్లిదండ్రులకు మా మనవి: వంటయింటి పని ఆడపిల్లలదే యనక, సెలవులలో మగపిల్లలనుగూడ పొయ్యియొద్దకు పిలువుడు. ఉపాధ్యాయులకు మా సూచన: ఏడాది కొక్కమారైనను ప్రతి విద్యార్థియు స్నేహితుని యింటి వంటకము నొకదానిని నేర్చి వండునట్లు చేయుడు.

మతమునుబట్టియో, ఆరోగ్యమునుబట్టియో కొందరు కొన్నింటిని తినరు. అందు తప్పు లేదు; ఎవరిని ఎవరును బలవంతపెట్టరాదు. తినకుండుట వేరు, తినువానిని అవమానించుట వేరు. విద్యార్థులారా, మొదటిది మీ యిష్టము. రెండవది మాత్రము నేటినుండి విడిచిపెట్టుడు.