రంగు చూసి మార్కులా?

వైను రుచి చూసి తీర్పులు చెప్పే పెద్దమనుషులు కొందరున్నారే, వాళ్లని చూస్తే నాకు ఒళ్లుమంట. (తాగమని కాదండోయ్ నా గోల!) న్యూజీలాండ్‌లో 45 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర సెంట్రల్ ఒటాగో అని ఓ చలిసీమ. అక్కడి పినో నువార్ ద్రాక్షతో చేసిన ఏడాది వైను గ్లాసులో పొయ్యగానే, "అబ్బే, రంగు పల్చన!" అని పెదవి విరుస్తారు. పెళ్లిచూపుల్లో పిల్ల రంగు చూసినట్టు! ఆ పండు తోలే పల్చన. రంగు దిగేది తోలులోంచే కదా? పైగా పులుపని వంకొకటి. రాత్రిళ్ల చలికి పండులో నిలిచిన ఆ పులుపే రేపు సీసాలో దాన్ని కాపాడుతుంది. చెర్రీపండు వాసన తేటగా ఉందా, పచ్చికాడ వాసన కొడుతోందా? వగరు నాలుకని పీకుతోందా, మెత్తగా సర్దుకుంటోందా? మింగాక రుచి ఎంతసేపు నిలిచింది? అబ్బే, ఇవేవీ అడగరు. ఓ అరగంట గ్లాసులో ఉంచి మళ్లీ వాసన చూసే ఓపికైనా లేనివాళ్లు, మార్కుల కాగితం ఎందుకు పట్టుకుంటారో!