ముగ్గునకు లొంగని ఐదు రేకులు

గత మాసమున కోనసీమనుండి సోదరి యొకతె మాకొక జాబు వ్రాసినది. వారి డాబామీద సోలారు పలకలు పెట్టింపదలచిరట. వర్తకుడు రెండు మచ్చులు తెచ్చి చూపెను. ఒకటి నీలిరంగుది, పగిలిన గాజుపెంకులు పేర్చినట్లు తునకతునకలుగా మెఱయుచున్నది. రెండవది నున్నని నలుపు. రెంటికిని భేదమేమని యామె యడుగగా, అవన్నియు మీకెందుకండీ యని యాతడు నవ్వెనట. ఇంటిలోని మగవారును నవ్విరట. అంతటితో పోలేదు. దక్షిణపు పెరటిలో వారి యత్తగారు నాటిన కొబ్బరిచెట్లు రెండున్నవి. వాని నీడ పలకలపై బడును గాన కొట్టివేయవలెనని వర్తకుడు చెప్పిపోయెను. ఏమి చేయవలెనని సోదరి ప్రశ్న.

ఆ నవ్వు మాకు నచ్చలేదు. అందుచే నీ నెల మా పుట యంతయు నామెకే యిచ్చుచున్నాము. ఆ నీలిపలకకును నల్లపలకకును గల భేదమును గ్రహించుటకు పెద్ద చదువు లక్కఱలేదు. ధనుర్మాసమున వాకిట ముగ్గు పెట్టిన చేతికి సగము తెలిసియే యున్నది.

చుక్కల ముగ్గు రెండు విధములు గదా. ఎదురుచుక్కలలో చుక్కక్రింద చుక్క వచ్చును. నాలుగు చుక్కలను గలిపిన చదరమగును. సందుచుక్కలలో పదునొకండు మొదలు ఆఱువఱకు పెట్టినచో ఆఱు మూలల ముగ్గు వచ్చును. ఈ రెంటిని వాకిలి దాటి వీధి చివఱవఱకైనను పొడిగించుకొని పోవచ్చును. ఇక ఐదు రేకుల పువ్వును దీసికొనుడు. ఒక్క పువ్వు చక్కగా వచ్చును. దాని ప్రక్కను రెండవదియు మూడవదియు పెట్టబోవునప్పటికి నడుమ సందు మిగులును, లేదా గీతపై గీత యెక్కును. అది చేతి లోపము గాదు. ఐదు సమభుజములు, ఐదు సమకోణములు గల పలకలతో నేలను సందు లేకుండ పఱచుట యెవ్వరి తరమును గాదు.

ఉప్పుగల్లు, పటిక, కలకండ వీనియందు పరమాణువులు ఇట్టి చుక్కలవలెనే వరుసలు దీరియుండును. ఇట్టి వస్తువునకు స్ఫటికమని పేరు. గోదావరి యెఱ్ఱనీటిలో మన పెద్దలు త్రిప్పిన పటికకు ఆ పేరు స్ఫటికమను మాటనుండి వచ్చినదే. 1912లో జర్మనీలో మాక్స్ ఫన్ లవే ప్రభృతులు స్ఫటికము గుండ ఎక్స్ కిరణములను బోనిచ్చి, ఫోటోపలకపై చుక్కల ముగ్గునే చూచిరి. నాటినుండి డెబ్బది యేండ్లు శాస్త్రజ్ఞులు వేలకొలది స్ఫటికములను పరీక్షించిరి. చుట్టు త్రిప్పినచో రెండు, మూడు, నాలుగు, ఆఱు సారులు తన రూపమును తాను పోలు ముగ్గులే కనబడినవి. ఐదు రాదు, పది రాదు. ఇది పాఠ్యపుస్తకములందు శాసనమువలె నిలిచిపోయెను.

ఇచ్చట నొక గృహిణి కథ చెప్పక మానలేము. ఐదు భుజములు సమానము గానక్కఱలేదన్నచో ఐదు మూలల పలకలతోను నేల పఱవవచ్చును. అట్టి పలకలెన్ని జాతులో 1975లో నొక అమెరికా పత్రికలో వ్రాసిరి. ఆ దేశమున మార్జొరీ రైస్ అను నామె, ఉన్నతపాఠశాల చదువు మాత్రమే గలది, తన కుమారునికై తెప్పించిన యా పత్రికను జదివి, వంటయింటి బల్లమీద బొమ్మలు గీయసాగెను. ఎవరైన వచ్చినచో కాగితములను కప్పిపెట్టెడిదట. 1977 నాటికి విద్వాంసులెవ్వరు నెఱుగని నాలుగు క్రొత్త జాతులను గనిపెట్టెను. డోరిస్ షాట్‌ష్నైడర్ అను గణితోపాధ్యాయురాలు వానిని పరిశీలించి సరియేయని లోకమునకు దెలిపెను.

ఇప్పుడు ముఖ్యమైన సంగతికి వచ్చుచున్నాము. 1982 ఏప్రిల్ 8వ తేదీన ఇస్రాయేలు దేశీయుడగు డాన్ షెఖ్త్‌మన్, అమెరికా ప్రభుత్వపు ప్రయోగశాలలో, మిక్కిలి వేగముగా జల్లార్చిన అల్యూమినియము, మాంగనీసుల మిశ్రలోహమును ఎలక్ట్రాను సూక్ష్మదర్శినితో జూచుచుండెను. నడిమి చుక్కచుట్టు పది చుక్కలు వలయముగా గనబడెను. మఱల లెక్కించెను, పదియే. తన పుస్తకములో పదియని వ్రాసి ప్రక్కను మూడు ప్రశ్నార్థకములు పెట్టుకొనెను. ఆయన వర్గపు పెద్ద పాఠ్యపుస్తక మొకటి చేతికిచ్చి చదువుకొమ్మనెను. కొంతకాలమునకు వర్గమును విడిచిపొమ్మనెను. మువ్వురు సహచరులతో గలసి యాయన వ్రాసిన వ్యాసము 1984 నవంబరులో గాని వెలువడలేదు. రెండు నోబెల్ బహుమతులు పొందిన లైనస్ పాలింగ్ 1994లో మరణించువఱకు దానిని నమ్మలేదు, నలుగురిలో నెగతాళియు జేసెను. 2011లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమతి షెఖ్త్‌మన్ కొక్కనికే వచ్చెను.

మన దేశమును వెనుకబడలేదు. 1985లో బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో కె. చట్టోపాధ్యాయ, ఎస్. రంగనాథన్ ప్రభృతులు, ఒక దిక్కున పొరలు మామూలుగా మఱల మఱల వచ్చుచు, పొరలో మాత్రము పది చుక్కల పోలిక గల జాతి నొకదానిని ప్రకటించిరి. అమెరికాలో బెండర్‌స్కీ యనునాయనయు ఆ యేటనే దానిని గనుగొనెను.

మఱి పరమాణువులా లోహములో నెట్లు సర్దుకొన్నవి? దీనికి మేము మాలతో సమాధానము చెప్పుదుము. ఒక మల్లె, ఒక మరువము, మఱల మల్లె, మరువము అని కట్టుకొనిపోయిన మాల మామూలు స్ఫటికమువంటిది. తోచినట్లు కలిపి కట్టినది గాజువంటిది. మూడవ విధముగా నిట్లు చేయుడు. ఒక మల్లెతో నారంభించి, ప్రతి విడతయందును మల్లె యున్నచోట 'మల్లె, మరువము' అనియు, మరువమున్నచోట 'మల్లె' యనియు మార్చుకొనిపొండు. కొన్ని విడతలకు మల్లె, మరువము, మల్లె, మల్లె, మరువము, మల్లె, మరువము, మల్లె అని వచ్చును. ఎంత పొడవు కట్టినను రెండు మరువములు ప్రక్కప్రక్కను రావు, మూడు మల్లెలు వరుసగా రావు. తరువాతి పువ్వేదియో నియమము చెప్పుచునే యుండును. అయినను, ఒక ముక్కను గత్తిరించి దానినే మఱల మఱల అతికించిన నీ మాల రాదు. పొడవు పెరిగినకొలది మల్లెలు మరువములకు 1.618 రెట్లకు దగ్గఱగా వచ్చుచుండును. ఇంగ్లండులో రోజర్ పెన్రోజ్ 1974లో రెండు విధముల పలకలతో నేల యంతయు నిట్లే నింపి చూపియుండెను. అందులో నెచ్చట జూచినను ఐదు రేకుల పోలికయే. లోహమునందు ప్రకృతి చేసినదియు నిట్టిపనియే. అట్టిదానికి 'క్వాసీక్రిస్టల్' అని పేరు వచ్చెను; స్ఫటికమువంటిదని దాని భావము.

పరమాణువుల కూర్పు మాఱిన వస్తువు గుణమును మాఱును. అల్యూమినియము, రాగి, ఇనుము మూడును విద్యుత్తును చక్కగా బోనిచ్చునవే. ఆ మూటిని తగిన పాళ్లలో గలిపి క్వాసీక్రిస్టల్ చేసినచో విద్యుత్తునకు దారి దొరకదు; వేడియు మెల్లగా నడచును. కూర్పు లోపములేనిదైనకొలది విద్యుత్తునకు మఱింత యడ్డము! అది గట్టిది, పెళుసు. దానికి వస్తువులు సులభముగా నంటుకొనవు. ఆ గుణమును జూచి ఫ్రాన్సులో వేపుడు పెనములకు దానిని పూతగా బెట్టి యమ్మిరి. ఉప్పెక్కువగా వేసి వండినవారి పెనములపై పూత తినివేయబడెను. కడకు వానిని అంగళ్లనుండి తీసివేసిరి. మన పులుసు, మన ఊరగాయ ముందర నది యొక్క వారమైన నిలిచియుండునా యని మాకు సందేహమే. ఎండవేడిని బీల్చుకొను గొట్టములపై పూతగా బెట్టుటకును ఈ లోహములను పరీక్షించిరి. అది నీళ్లు కాచుకొనుటకు గాని విద్యుత్తునకు గాదు.

విద్యుత్తు పుట్టించు సోలారు పలకలో కావలసినది సరిగా దీని కెదురైన గుణము; అచ్చట నెలక్ట్రానునకు దారి కావలయును. పలకలోని ముఖ్యద్రవ్యము సిలికాను. మన గోదావరి యిసుకలోను నా మూలద్రవ్యమే యున్నది గాని, పలకలకు మిక్కిలి శుద్ధమైన పలుగుఱాతినుండి తీయుదురు. ఒక్కొక్క సిలికాను పరమాణువు నలుగురు పొరుగువారిని బట్టుకొని, ఎదురుచుక్కల ముగ్గువలె తప్పని వరుసలో నిలుచును. ఎండ తగిలి ఎలక్ట్రాను విడివడగా, ఒకప్రక్క భాస్వరమును వేఱొకప్రక్క బోరానును లేశమాత్రము చేర్చియుండుటచే నది యొకవైపునకు నెట్టబడి తీగెలోనికి బ్రవహించును. 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో చేసి చూపిన పలక నూటికి 6 పాళ్ల యెండను విద్యుత్తు చేసెను. నేటి మంచి పలకలు 20 పాళ్లు దాటినవి.

ఇక సోదరి చూచిన మచ్చులు. నీలిపలకలో మెఱయు తునక లొక్కొక్కటియు నొక్కొక్క స్ఫటికము. పది యిండ్లవారు పది ముగ్గులు పెట్టగా అంచులు కలియక వీధిలో నిలిచినట్లు, తునకకును తునకకును నడుమ వరుస తప్పును. అచ్చట కొన్ని యెలక్ట్రానులు చిక్కుకొని పోవును. నల్లపలకలో ప్రతి బిళ్లయు నొకే స్ఫటికమునుండి కోసినది. కరగిన సిలికానులో విత్తనమువంటి చిన్నముక్కను ముంచి, త్రిప్పుచు మెల్లగా బైకి లాగుదురు. నూలుపోగున కలకండ పేరుకొన్నట్లు స్తంభమే యేర్పడును. ఒకే వైశాల్యమునకు నల్లదే యెక్కువ విద్యుత్తు నిచ్చును. నీలివి క్రొత్తగా తయారగుట యిప్పుడు మిక్కిలి తగ్గినది గాన, వర్తకుడు పాతసరకు వదలించుకొనుచున్నాడేమో యని కూడ మా యనుమానము. పెరోవ్‌స్కైటు అను క్రొత్త ద్రవ్యము పేరును వినబడుచున్నది. తయారీ సులభమే గాని తేమ తగిలిన చెడును. కోనసీమ గాలికి దాని నిప్పుడే నమ్మవలదు.

మఱియొక మాట. పలక బలమును 25 డిగ్రీల వేడిమివద్ద కొలిచి వ్రాయుదురు. వేసవిలో మన డాబామీద పలక 65 డిగ్రీలకు రావచ్చును. డిగ్రీకి నూటికి 0.3 మొదలు 0.4 వఱకు తగ్గును గాన, పదింట నొకవంతుకు పైగా పోవును. ఈ యంకె సరకు కాగితముపై నుండును. దానిని చూపుమని వర్తకుని నడుగవలెను. పలకకును డాబాకును నడుమ గాలి యాడునట్లు ఎత్తుగా బిగింపవలెను. 2010 తరువాతి దశాబ్దములో భీమవరము చెంత గొల్లవానితిప్పవద్ద కాలువమీదనే పలకలు పఱచి విద్యుత్కేంద్రము కట్టిరి; క్రింద నీరున్నచో పలక కొంత చల్లగానుండును, నీరును కొంత ఆవిరిగాక మిగులును.

కొబ్బరిచెట్లను గొట్టవలదు. వర్తకుడు చెప్పినదానిలో నిజము లేకపోలేదు. పలకలో బిళ్లలు మాలలోని పూలవలె వరుసగా ముడివడియుండుటచే, ఒక్క మట్టనీడ కొన్నిటిపై బడినను తక్కినవాని ప్రవాహము గూడ తగ్గును. కాని మన ప్రాంతము 17 డిగ్రీల అక్షాంశమునకు అటునిటుగా నున్నది. మే మొదటి వారము దాటినది మొదలు ఆగస్టు మొదటి వారమువఱకు మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి ఉత్తరముగా నుండును గాన, దక్షిణపు చెట్టునీడ యప్పుడు డాబామీదికి రాదు. నీడ మిక్కిలి చాచుకొనునది డిసెంబరు 21 ప్రాంతమున. అది ధనుర్మాసమే. ఆ దినములలో నొకనాడు ఉదయము 9 గంటలకు, మధ్యాహ్నము 12 గంటలకు, సాయంకాలము 3 గంటలకు డాబా యెక్కి, రెండు చెట్ల నీడల యంచులవెంట ముగ్గుపిండితో గీతలు వేయుడు. గీతలు సోకని స్థలమెంతయున్నదో కొలిచి, పలకల నచ్చటనే దక్షిణాభిముఖముగా బెట్టింపుడు. స్థలము చాలక ఒకటి రెండు పలకలు నీడలోనికి వచ్చినచో, పలకకొక చిన్న ఇన్వర్టరు చొప్పున బిగించు పద్ధతి యున్నది. ఒకదాని నీడ తక్కినవానికి నష్టము చేయదు. ఖర్చు కొంత హెచ్చు. చెట్టుక్రిందికి మాత్రము పలకను రానీయవలదు. నీడకంటె ముందుగా కాయ పడును.