గుమ్మడి గింజలు పారేస్తున్నారా?



గుమ్మడికాయ కోసిన రోజు మీ ఇంట్లో గింజలు ఎటు పోతున్నాయి? నిజం చెప్పండి. పీచుతో సహా చేత్తో లాగేసి చెత్తబుట్టలో వేస్తాం, లేదంటే బర్రె ముందు వేస్తాం. నేనూ చాలా ఏళ్లు అదే పని చేశాను. ఆ గింజలే పొట్టు తీసి చిన్న ప్యాకెట్లో పోస్తే సూపర్ మార్కెట్లో బాదం పప్పు పక్కన కూర్చుంటాయి. ధర చూసి, ప్యాకెట్ మళ్లీ అక్కడే పెట్టి వచ్చిన వాళ్లలో నేనూ ఒకదాన్ని. అందుకే ఈ వారం గుమ్మడి గింజలు ఇంట్లోనే వేయించుకునే పద్ధతి చెప్పుకుందాం. బూడిద గుమ్మడి కాదండీ, కూర వండుకునే తీపి గుమ్మడి.

అయితే గింజలు కావాలంటే ముందు కాయ కోయాలి కదా. మా ఇంట్లో చిక్కంతా అక్కడే వచ్చింది.

నిండు గుమ్మడికాయ ఆడవాళ్లు కోయకూడదని మనలో ఒక పట్టింపు ఉంది. మగవాళ్లు మొదటి గాటు పెట్టాలి, తర్వాత ముక్కలు మనం తరుగుకోవచ్చు. 2006లో మా ఆయన దుబాయి వెళ్లారు. మా వేములవాడ, సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల వైపు ఇది కొత్త సంగతి కాదు, ఇంటి మగవాళ్లు ఏళ్ల తరబడి గల్ఫ్‌లోనే ఉండిపోతారు. బాబుకు అప్పుడు నాలుగేళ్లు. ఆ ఏడు మా దడి మీద గుమ్మడి తీగ బాగా కాసింది. మొదటి కాయ పక్కింటి అన్నయ్య చేత కొట్టించాను. రెండోదానికి మళ్లీ అడగాలంటే మొహమాటం. ఆయన కూడా "రేపొస్త చెల్లె" అన్నాడు, పాపం పనుల్లో పడి మరిచాడు. కాయ సజ్జ మీదే ఉండిపోయింది.

నేను కోయవచ్చు కదా అంటారేమో. భయమండీ. నేను కత్తి పెడితే దేశం కాని దేశంలో ఉన్న మనిషికి ఏమైనా అవుతుందేమోనని భయం. ఎవరికీ చెప్పుకోలేదు.

సంక్రాంతి దాటాక ఒక రోజు కాయ అడుగు మెత్తబడి నీళ్లు కారసాగింది. మా అత్తమ్మ చూసింది. "మొగోడు వచ్చేదాంక నువ్వు ఆగుతవు, కాయ ఆగుతదానే?" అని కత్తిపీట నా ముందుకు జరిపింది. నేను కదల్లేదు. నా మనసులో ఉన్నది ఆమెకు అర్థమయినట్టుంది. "వాడు నాకు కొడుకు. నాకు లేని భయం నీకెందుకు? కొయ్యి" అంది. కోశాను. లోపల గింజలు కొన్ని అప్పటికే తెల్లగా మొలకలెత్తి ఉన్నాయి. కాయ పనికిరాలేదు, పారబోశాం. కానీ తర్వాతి కాయ పక్వానికి రాగానే అత్తమ్మ నా చేతనే కోయించి, గింజలు వేయించడం కూడా నేర్పింది. నేను కింద చెప్పేది ఆమె పద్ధతే.

కావలసినవి

గుమ్మడి గింజలు – 1 గ్లాసు
నీళ్లు – 2 గ్లాసులు
ఉప్పు – 1 చిన్న చెంచా
నూనె – అర చెంచా
కారం – అర చెంచా
జీలకర్ర పొడి – పావు చెంచా
పసుపు – చిటికెడు

తయారు చేసే విధానం

బాగా ముదిరిన కాయ తీసుకోండి. లేత కాయలో గింజ ఉంటుంది కానీ లోపల పప్పు ఉండదు. పీచుతో సహా గింజలు తీసి వెడల్పాటి గిన్నెలో నీళ్లు పోసి వేయండి. చేత్తో పిసికితే పీచు విడిపోతుంది, గింజలు పైకి తేలతాయి. వాటిని చిల్లుల గిన్నెలోకి తీసి రెండుసార్లు కడగండి. జిగురు కొంచెం మిగిలినా ఫరవాలేదు.

ఒక గిన్నెలో నీళ్లు, ఉప్పు వేసి మరిగాక గింజలు వేసి పది నిమిషాలు ఉడకనివ్వండి. ఇలా చేస్తే ఉప్పు పొట్టు దాటి పప్పుకు పడుతుంది. పైన చల్లిన ఉప్పు పొట్టుతోనే పోతుంది. నీళ్లు వంపేసి స్టీలు పళ్లెంలో పలుచగా పరిచి ఎండలో పెట్టండి. కాగితం మీద, తువ్వాలు మీద పోయకండి, అతుక్కుపోయి ఒక్కొక్కటీ గీకి తీసుకోవలసి వస్తుంది. రెండు రోజులు మంచి ఎండ చాలు. గోరుతో వంచితే పుటుక్కున విరగాలి. తడి ఉండగా వేయిస్తే పైన మాడుతుంది, లోపల మెత్తగానే ఉంటుంది.

మందపాటి మూకుడు పెట్టి, మంట బాగా తగ్గించి, గింజలు వేసి కలుపుతూ ఉండండి. ఐదారు నిమిషాలకు చిటపటమంటాయి, ఒకటో రెండో ఎగురుతాయి కూడా. తెల్లని పొట్టు లేత బంగారు రంగుకు తిరగగానే నూనె వేసి, పొయ్యి ఆపి, పసుపు, కారం, జీలకర్ర పొడి కలపండి. పొయ్యి మీద ఉండగా కారం వేస్తే ఇల్లంతా దగ్గు. ఎర్రగా అయ్యేదాకా ఉంచితే చేదెక్కుతాయి. పూర్తిగా చల్లారాక గాజు సీసాలో పోసి మూత బిగించండి. మూడు వారాలు కరకరలాడుతూ ఉంటాయి.

ముందు పళ్ల మధ్య అంచు కొరికితే పొట్టు చీలి లోపల ఆకుపచ్చ పప్పు వస్తుంది. కొన్నవాటికి పొట్టెందుకు ఉండదని అడగవచ్చు. కొన్నిటికి యంత్రాలతో తీస్తారు. ఆస్ట్రియాలోని స్టిరియా ప్రాంతంలో అసలు గట్టి పొట్టే లేని గింజ కాసే గుమ్మడి రకం ఉంది, దాని నుంచి నూనె కూడా తీస్తారు. తీపి గుమ్మడి పుట్టిల్లు అమెరికా ఖండమే. మెక్సికో వాళ్లు ఈ గింజలను 'పెపితా' అంటారు, నూరి పులుసుల్లో కూడా వేసుకుంటారు.

మంచిదేనా?

మంచిదే. 100 గ్రాముల పప్పులో సుమారు 30 గ్రాముల మాంసకృత్తులు, 8 మిల్లీగ్రాములకు పైగా ఇనుము ఉంటాయి. మెగ్నీషియం, జింకు కూడా ఎక్కువే. కానీ 550 కేలరీలు దాటతాయి కాబట్టి రోజుకు ఒక చిన్న గుప్పెడు చాలు. గింజల్లోని ఇనుము మన ఒంటికి కొంతే పడుతుంది, నిమ్మరసం పిండుకుంటే మేలు. రక్తం తక్కువగా ఉందని డాక్టరు మాత్రలిస్తే అవి మానేసి గింజలు నమ్ముకోకండి. బీపీ ఉన్నవాళ్లు ఉప్పు లేకుండా వేయించుకోండి. ఐదేళ్లలోపు పిల్లలకు గింజలుగా ఇవ్వవద్దు, గొంతుకు అడ్డం పడతాయి. పప్పు పొడి చేసి అన్నంలో కలిపి పెట్టండి. కాయ గానీ గింజ గానీ చేదుగా అనిపిస్తే మొహమాటం లేకుండా పారేయండి, అలాంటివి తింటే వాంతులు, విరేచనాలు అవుతాయి.

ఒక్క పిడికెడు

ఇక అసలు మాట. గింజలు ఉప్పునీళ్లలో వేయకముందే మా అత్తమ్మ బొద్దుగా ఉన్నవి ఒక పిడికెడు ఏరి పక్కన పెట్టేది. నీడన ఆరబెట్టి, బూడిదలో కలిపి డబ్బాలో దాచేది. "అన్నీ ఏంచుకుంటె వచ్చే ఏడు ఏం తింటవ్?" అనేది. మృగశిర కార్తెలో వాన పడగానే దడి పక్కన నాటితే బతుకమ్మ నాటికి పూలొస్తాయి. మా వేములవాడలో సద్దుల బతుకమ్మ ఏడో రోజునే కదా, మాకు తొందర ఇంకొంచెం ఎక్కువ. బతుకమ్మకు పూలు కోసేటప్పుడు చూసి కోయండి. పువ్వు కింద చిన్న పిందె ఉంటే అది ఆడపువ్వు, దాన్ని ముట్టకండి. పొడుగు కాడ మీద ఒట్టిగా ఉన్నది మగపువ్వు, అది కోసుకోవచ్చు. తేనెటీగల కోసం కొన్ని వదిలేయాలి, లేకపోతే పిందె నిలవదు. అంగట్లో కొన్న హైబ్రిడ్ కాయ గింజ నాటితే అదే కాయ రాదు, నాటు కాయదే దాచుకోండి.

మొదటిసారి నేను వేయించిన గింజలు ఊరి నుంచి దుబాయి పోతున్న వాళ్ల చేత ఒక సీసా పంపాను. ఆయన ఫోను చేసి, "రూములో ఎనిమిది మందిమి ఒక్క రాత్రిలో ఖాళీ చేసినం. కాయ ఎవరు కోసిండ్రు?" అని అడిగారు. "నేనే" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇంకో సీసా పంపు" అన్నారు.

పట్టింపు ఉన్న ఇంటికి వెళ్లి నేను వద్దని చెప్పను, ఎవరి ఇల్లు వాళ్లది. కానీ ఇంట్లో మగదిక్కు లేని అక్కాచెల్లెళ్లు మన మధ్య ఎంతమందో ఉన్నారు. కొందరికి భర్త దూరం, కొందరికి అసలే లేడు. వాళ్లు ఎవరి కోసమో ఎదురుచూస్తూ కాయ మురగబెట్టుకోవలసిన పని లేదు.

మా ఆయన 2019లో తిరిగి వచ్చేశారు, ఆరోగ్యంగా ఉన్నారు. మా అత్తమ్మ ఇప్పుడు లేదు. ఆమె బూడిద డబ్బా ఉంది. గుమ్మడికాయ ఇప్పటికీ నేనే కోస్తాను, గింజలు ఒలిచేది మాత్రం ఆయన.

మీరూ వేయించి చూడండి. పిడికెడు దాచడం మరవకండి. వచ్చే వారం కలుద్దాం.

మీ సోదరి,
వేములవాడ