పామిడి నైటీ, పక్క రాష్ట్రపు గిరాకీ

హైదరాబాదు నుంచి బెంగళూరుకు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద, గుత్తికీ అనంతపురానికీ నడుమ పెన్నా ఒడ్డున ఉన్న పామిడి, వానను నమ్ముకున్న వేరుశనగ పల్లెలకు మండల కేంద్రమే అయినా, చుట్టుపక్కల ఊళ్లకు ఎక్కువగా తెలిసింది బట్టల వ్యాపారంతోనే. ప్రొద్దుటూరు, ఆదోనిల మాదిరిగా ఈ ఊరికీ ‘రెండో బొంబాయి’ అనే పేరుంది. సీమలో నాలుగు కొట్లు కలిసిన ప్రతి పట్టణమూ ఏదో ఒకనాడు ఆ బిరుదు తగిలించుకున్నదే కాబట్టి దాన్ని మరీ పట్టించుకోనక్కరలేదు గానీ, తానులుగా దిగిన గుడ్డ ఇక్కడ కత్తెర కింద పడి, ఇళ్లలోని మిషన్ల మీద నైటీల వంటి చవక దుస్తులుగా మారి, మళ్లీ మూటలై రోడ్డెక్కుతుందన్న సంగతిని మాత్రం పట్టించుకోవలసిందే. చిన్న వ్యాపారికి చట్టాలు ఇచ్చిన వెసులుబాట్లలో కీలకమైనవి సరుకు సొంత రాష్ట్రం దాటనంతవరకే వర్తిస్తాయి. పామిడికేమో సొంత రాష్ట్ర రాజధాని కన్నా బళ్లారి, బెంగళూరు దగ్గర.

ఏటా సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ మాత్రమే వాన పడే జిల్లాలో కుట్టుపని, నేతపని వానతో నిమిత్తం లేని రాబడిగా నిలదొక్కుకోవడంలో వింతేమీ లేదు. ధర్మవరం పట్టుచీరను, రాయదుర్గం జీన్స్ ప్యాంటును, పామిడి నైటీని ఒక వరుసలో పెట్టి చూస్తే కరవు నేల తనకు తాను వెతుక్కున్న దారి తేటపడుతుంది. అయితే ఊళ్లోని చిల్లర గిరాకీ ఇప్పటికీ మబ్బును చూసి నడిచేదే: వేరుశనగ విత్తు పడ్డాక కాయ ఇంటికి చేరడానికి మూడున్నర, నాలుగు నెలలు పడుతుంది, అంతవరకూ కొట్లో రాసుకున్న ఉద్దర ఖాతాలోనే ఉంటుంది, కాయ రాని ఏడు ఆ పద్దు మరుసటి ఏటికి మారుతుంది. ఊరి కొనుగోలు శక్తికి ఇంత హద్దు ఉన్నప్పుడు వ్యాపారి బయటి గిరాకీని వెతుక్కోక తప్పదు, ఆ గిరాకీలో పెద్ద పాలు కర్ణాటకలో ఉంది.

ఇక్కడే వస్తు సేవల పన్ను, అంటే జీఎస్టీ, అడ్డు వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో సరుకులు మాత్రమే అమ్మే వ్యాపారికి ఏడాది టర్నోవరు, అంటే మొత్తం అమ్మకాల విలువ, 40 లక్షల రూపాయలు దాటనంతవరకు జీఎస్టీ నమోదు అక్కరలేదు. ఆ పైన కోటిన్నర వరకు ‘కాంపోజిషన్’ అనే సులువు పద్ధతి ఉంది: ఒక్కో వస్తువుకూ లెక్క కట్టకుండా అమ్మకాల మీద నూటికి ఒక రూపాయి చొప్పున చెల్లిస్తే సరిపోతుంది, కాకపోతే ఆ రూపాయిని కొనేవాడి దగ్గర వసూలు చేయరాదు, తాను గుడ్డ కొన్నప్పుడు కట్టిన పన్నును తిరిగి జమ చేసుకోవడానికీ వీల్లేదు. ఈ రెండు వెసులుబాట్లూ సరుకు రాష్ట్రం దాటిన మరుక్షణం పోతాయి. కాంపోజిషన్ వ్యాపారి సూరత్ నుంచి గుడ్డ తెప్పించుకోవచ్చు, ఆ గుడ్డతో కుట్టిన నైటీని బళ్లారికి పంపకూడదు. నమోదు లేని వ్యాపారి పరిస్థితి ఇంకా ఇరుకు: ఒక్కోటి 200 రూపాయల చొప్పున 100 నైటీల మూట కట్టి, 20 వేల రూపాయల సరుకు ఒక్కసారి పక్క రాష్ట్రానికి అమ్మినా, 40 లక్షల పరిమితితో సంబంధం లేకుండా చట్టం అతడిని నమోదు చేసుకొమ్మంటుంది. సరుకు విలువ 50 వేలు దాటలేదు గనుక రవాణాకు ఈ-వే బిల్లు అడగరు, ఆ కారణంగా పన్ను నిబంధనా లేదనుకునే పొరపాటు తేలిగ్గా జరుగుతుంది.

సేవల విషయంలో ఇదే చట్టం ఉదారంగా ఉండటం విచిత్రం. ఇతరులు ఇచ్చిన గుడ్డను కూలికి కుట్టి ఇవ్వడాన్ని జాబ్‌వర్క్ అంటారు. అది సరుకు అమ్మకం కాదు, సేవ. ఏడాదికి 20 లక్షల లోపు సేవలు అందించేవారు రాష్ట్రం బయటివారికి పనిచేసినా నమోదు అక్కరలేదు. కాబట్టి బళ్లారి వ్యాపారి గుడ్డ పంపితే పామిడి మహిళ ఇంట్లో కూర్చుని పీసుకు ఇంతని కుట్టి తాను నమోదు చేసుకోకుండానే తిరిగి పంపవచ్చు గానీ, అదే మహిళ సొంతంగా తాను కొని, కత్తిరించి, కుట్టిన నైటీని అదే వ్యాపారికి అమ్మితే నమోదు కావలసి వస్తుంది. ఒకరి కింద కూలిగా ఉన్నంతకాలం సరిహద్దు తెరిచి ఉంటుంది, సొంత సరుకు పట్టుకుని బయల్దేరిన రోజున మూసుకుంటుంది.

ఆన్‌లైన్ అమ్మకాలతో ఈ చిక్కు తీరుతుందన్న ఆశ ఉండేది. 2023 అక్టోబరు 1 నుంచి నమోదు లేని చిన్న వ్యాపారులు, కాంపోజిషన్ వ్యాపారులు కూడా ఈ-కామర్స్ సంస్థల ద్వారా సరుకు అమ్ముకునేందుకు అనుమతి వచ్చింది. అదీ రాష్ట్రం లోపలికే. బయటి గిరాకీ మీద ఆధారపడిన పామిడి వ్యాపారికి కాంపోజిషన్ కన్నా మామూలు నమోదే మేలనిపిస్తుంది, ఎందుకంటే 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 రూపాయల లోపు దుస్తులన్నిటికీ 5 శాతమే పన్ను ఉంది, పామిడి సరుకు దాదాపు అంతా ఆ లోపే, ఆ పన్ను బిల్లులో వేసి రాబట్టుకోవచ్చు, కొన్నప్పుడు కట్టినది జమకు వస్తుంది. అసలు బరువు రిటర్నుల పనిదీ, అది చేసిపెట్టే అకౌంటెంటు నెలనెలా తీసుకునే ఫీజుదీ. చిన్న కొట్టుకు అది కొట్టు అద్దెలాగే తప్పని ఖర్చు.

బాకీల విషయంలో చట్టం మరో గీత గీసింది. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గర సరుకు తీసుకున్నవారు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకుంటే 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ పడుతుంది. గడువు దాటిన బాకీని కొనుగోలుదారు, నిజంగా చెల్లించిన ఏడాదిలో తప్ప, తన ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా చూపకూడదన్న నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చాక బట్టల మార్కెట్లలో కలవరం రేగింది. ఈ రక్షణకు తాళంచెవి ఉద్యమ్ పోర్టల్‌లో ఉచితంగా చేసుకునే నమోదు. కొని అమ్మే వ్యాపారులకు 2021 జులైలో ఆ పోర్టల్‌లో చోటు దొరికినా, అది బ్యాంకుల ప్రాధాన్య రుణాలకే పరిమితం. 45 రోజుల రక్షణ ఉత్పత్తిదారులకు, సేవలు అందించేవారికి మాత్రమే. పామిడిలో ఒకే కొట్టు సూరత్ చీరలు అమ్ముతుంది, వెనుక గదిలో నైటీలూ కుట్టిస్తుంది. నమోదు పత్రంలో కేవలం దుస్తుల వ్యాపారం అని రాసుకున్న యజమాని, తాను దుస్తుల తయారీదారు కూడానన్న సంగతిని తన చేతులతోనే కొట్టేసుకున్నట్టవుతుంది. కంప్యూటర్ సెంటర్‌లో ఐదు నిమిషాల్లో ఎవరో నింపే ఆ ఒక్క గడికి ఇంత విలువ ఉందని ఆ క్షణంలో చెప్పేవారు అరుదు. వేరుశనగ కాయ వచ్చేదాకా ఓపిక పట్టే ఊరి ఉద్దరకు ఈ 45 రోజుల లెక్క ఎలాగూ అతకదు. అది పనికొచ్చేది టోకున సరుకెత్తే బయటి వ్యాపారుల మీదే.

పట్టణం కావడంలోనూ లాభనష్టాలు ఉన్నాయి. పామిడి నగర పంచాయతీగా మారి 2014 మున్సిపల్ ఎన్నికల్లో పాల్గొంది. దాంతో పొదుపు సంఘాల వ్యవహారం గ్రామీణ సంస్థ సెర్ప్ పరిధి నుంచి పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా పరిధిలోకి వస్తుంది, తోపుడుబండ్ల వారికి 2020లో మొదలైన స్వనిధి రుణాలు అందుబాటులోకి వస్తాయి. మరోవైపు ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ నడిపే ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకంలో, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, మహిళా దరఖాస్తుదారులకు పంచాయతీ ప్రాంతంలో 35 శాతం ఉన్న సబ్సిడీ పట్టణంలో 25కు తగ్గుతుంది. పది లక్షల రూపాయల కుట్టు యూనిట్‌కు ఆ తేడా లక్ష రూపాయలు. ఊరి పొలిమేర దాటి పక్క పంచాయతీలో షెడ్డు వేసుకున్నవారికి లాభం, బజారులో ఉన్నవారికి నష్టం.

పెట్టుబడికి ఎక్కువమంది ఆశ్రయించేది నూటికి నెలకు రెండు, మూడు రూపాయల వడ్డీకి ఇచ్చే స్థానిక అప్పునే; ఏడాదికి లెక్కిస్తే అది 24 నుంచి 36 శాతం. సూక్ష్మ, చిన్న సంస్థలకు 10 లక్షల లోపు రుణానికి తాకట్టు అడగరాదని రిజర్వు బ్యాంకు 2010లోనే బ్యాంకులకు చెప్పింది. ఆ సంగతి తెలిసి కౌంటరు దగ్గర నోరు విప్పి అడిగే చిన్న వ్యాపారులు తక్కువ.

కుట్టే చేతులకు నేరుగా ఉద్దేశించిన పథకాల్లోనూ ఊరి పని తీరు సరిగా ఇమడలేదు. 2020 జూన్‌లో రాష్ట్రం మొదలుపెట్టిన ‘చేదోడు’ పథకం దర్జీలకు ఏటా 10 వేలు ఇచ్చింది గానీ సొంత షాపు ఉండాలన్నది. ఇంట్లో మిషన్ పెట్టుకున్న మహిళకు షాపు ఎక్కడిది? 2023 సెప్టెంబరు 17న కేంద్రం ప్రారంభించిన విశ్వకర్మ పథకంలోని 18 చేతివృత్తుల్లో దర్జీపని ఉంది, షాపు అడగదు, శిక్షణ కాలంలో రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15 వేలు, మొదట లక్ష, తర్వాత రెండు లక్షల రుణం 5 శాతం వడ్డీకి ఇస్తుంది. కానీ భార్యాభర్తలు, పెళ్లికాని పిల్లలు కలిసి ఒక కుటుంబమని, కుటుంబానికి ఒక్కరే అర్హులని నియమం. భర్త కత్తిరింపు, భార్య కుట్టు, పెళ్లికాని కూతురు కాజాలు, బొత్తాలు చూసుకునే ఇంట్లో ముగ్గురు పనివారున్నా దరఖాస్తు ఒకటే. బోర్డు మీద ఉన్నది భర్త పేరే గనుక ఆ దరఖాస్తూ అతడి పేరునే పోవడం పరిపాటి. పైన చెప్పిన ఉపాధి కల్పన పథకంలోనైతే జనరల్ కేటగిరీ పురుషుడికి పట్టణంలో సబ్సిడీ 15 శాతం, సొంత వాటా 10 శాతం. అదే ఇంట్లో మిషన్ తొక్కే ఆమె పేరున అడిగితే సబ్సిడీ 25, సొంత వాటా 5.