పొగకు పరీక్ష ఉంది, బ్రేకుకు ఏది?

సూరత్‌లో వానాకాలం భయం తపతి నది ఒక్కదాని గురించే కాదు. నగరం మధ్య నుంచి పారే వాగులను అక్కడ ఖాడీలంటారు. అవి పొంగితే లింబాయత్, పర్వత్ పాటియా వైపు వీధుల్లో నీళ్లు నిలుస్తాయి. మగ్గాల పని కోసం తెలంగాణ నుంచి వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉండేదీ ఆ వైపే. నీళ్లు తగ్గాక కారు స్టార్ట్ అయితే గండం గడిచిందనుకుంటారు. ఇంజన్‌లోకి నీళ్లు వెళ్లాయేమో అని అందరూ చూస్తారు. చక్రం వెనక, బ్రేక్ క్యాలిపర్ రబ్బరు తొడుగు కింద మిగిలిన బురద చుక్కను మాత్రం ఎవరూ చూడరు.

కొన్ని నెలలకు బండి ఒక పక్కకు లాగుతుంది. మైలేజీ తగ్గుతుంది. ఒక చక్రం దగ్గర మాడు వాసన వస్తుంది. మెకానిక్‌ల మాటల్లో చెప్పాలంటే 'బ్రేక్ పట్టేసింది'.

డిస్క్ బ్రేక్‌లో ఒక విచిత్రం ఉంది. పెడల్ తొక్కితే ద్రవ పీడనం పిస్టన్‌ను ముందుకు తోస్తుంది. కాలు తీశాక దాన్ని వెనక్కి లాగడానికి స్ప్రింగ్ అంటూ ఏదీ లేదు. పిస్టన్ చుట్టూ ఉన్న రబ్బరు సీలే ఆ పని చేస్తుంది. పిస్టన్‌తో పాటు అది కాస్త వంగి, పీడనం పోగానే మళ్లీ తన ఆకారానికి వస్తూ పిస్టన్‌ను మిల్లీమీటరులో చిన్న భాగం వెనక్కి లాగుతుంది. తుప్పు ఈ సున్నితమైన ఏర్పాటునే దెబ్బతీస్తుంది. ఇనుము తుప్పుగా మారితే రెండు రెట్లకు పైగా చోటు ఆక్రమిస్తుంది. పిస్టన్‌కూ దాని గొట్టానికీ మధ్య అంత ఖాళీ లేదు. సముద్రపు గాలిలోని ఉప్పు ఈ పనిని ఇంకా వేగవంతం చేస్తుంది.

పట్టేసిన ప్యాడ్ వల్ల చక్రం అంచున 100 న్యూటన్ల నిరోధం, అంటే సుమారు పది కిలోల బరువంత, ఉందనుకుందాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో అది దాదాపు 1,700 వాట్ల వేడి. చక్రంలో రెండు ఇస్త్రీ పెట్టెలు పెట్టుకుని ప్రయాణిస్తున్నట్టే.

ఆ వేడి బ్రేక్ ఆయిల్‌కు చేరడమే అసలు ప్రమాదం. పేరులో ఆయిల్ ఉన్నా అది నూనె కాదు, గ్లైకాల్ జాతి ద్రవం. గాలిలోని తేమను పీల్చుకోవడం దాని స్వభావం. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదు. దాదాపు 3.7 శాతం నీరు చేరాక ప్రమాణం అడిగేది 155 డిగ్రీలే. మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవంలా కాకుండా ఆవిరి నొక్కుకుపోతుంది కాబట్టి పెడల్ కిందికి దిగిపోతుంది, బండి ఆగదు. వారాంతాల్లో సాపుతారా ఘాట్ ఎక్కి దిగే సూరత్ కార్లకు ఇది పుస్తకాల్లోని సంగతి కాదు. 1,200 కిలోల కారు 500 మీటర్ల ఎత్తు దిగితే దాదాపు 59 లక్షల జౌళ్ల శక్తి విడుదలవుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగం నుంచి దాన్ని 20 సార్లు ఆపినంత శక్తి అది. కొంత ఇంజన్, కొంత గాలి పంచుకున్నా మిగిలిన భారం బ్రేకులదే.

ఇంత ప్రమాదమున్న లోపానికి రోడ్డు పక్క దొరికే వైద్యం తరచూ సుత్తి దెబ్బ. పిస్టన్ అప్పటికి వదులుతుంది. తుప్పు అక్కడే ఉంటుంది. పెద్ద షోరూమ్‌లలో దీనికి వ్యతిరేకం: ఏం చెడిందో చూడకుండానే క్యాలిపర్ మొత్తం మార్చేయమంటారు. రెండూ సరైన పద్ధతులు కావు, ఎందుకంటే రెండింటిలోనూ రోగనిర్ణయం లేదు.

నిజానికి ఈ రోగనిర్ణయం చాలా తేలిక. కాస్త దూరం నడిపాక ఒకే ఇరుసు మీది రెండు చక్రాల వేడిని పరారుణ థర్మామీటర్‌తో పోల్చాలి. డిస్క్‌ను చేత్తో ముట్టుకోకూడదు. వేడెక్కిన చక్రాన్ని చల్లారనిచ్చి, జాకీ మీద, స్టాండ్ మీద నిలబెట్టి తిప్పి చూడాలి. తిరగకపోతే క్యాలిపర్ మీది బ్లీడింగ్ నిపుల్‌ను కాస్త వదులు చేయాలి. ద్రవం చిమ్మి చక్రం తిరిగితే పీడనం లోపలే చిక్కుకుందన్నమాట. ఒక్క చక్రమే అలా ఉంటే అనుమానం రబ్బరు హోస్ పైపు మీదికి పోతుంది. పైకి బాగానే ఉన్నా దాని లోపలి పొర ఉబ్బి, ద్రవాన్ని వెళ్లనిచ్చి తిరిగి రానివ్వదు. ఇక్కడ క్యాలిపర్ మారిస్తే డబ్బు దండగ. నిపుల్ వదిలినా చక్రం తిరగకపోతేనే దోషం పిస్టన్‌దో, క్యాలిపర్ అటూ ఇటూ జరిగే స్లైడ్ పిన్నులదో. ప్యాడ్లు విప్పాక క్యాలిపర్ పిన్నుల మీద చేత్తో జరగాలి. జరగకపోతే, లోపలి ప్యాడ్ ఒకలా, బయటిది ఒకలా అరిగి ఉంటే, పిన్నులను ముందు చూడాలి. వెనుక చక్రాలైతే హ్యాండ్‌బ్రేక్ కేబుల్‌నూ పరీక్షించాలి.

పిన్నులే కారణమైతే శుభ్రం చేసి, చిరిగిన తొడుగులు మార్చి, బ్రేకుల కోసమే చేసిన సిలికాన్ గ్రీజు రాస్తే సరిపోతుంది. మామూలు గ్రీజు, ఇంజన్ ఆయిల్ తగిలితే ఈ రబ్బరు ఉబ్బిపోతుంది. పిస్టన్ అయితే బయటికి తీసి చూడాలి. పైపూత నున్నగా ఉంటే కొత్త సీళ్ల కిట్ చాలు. గుంటలు పడితే పిస్టన్ మార్చాలి, గరుకు కాగితంతో రుద్ది మళ్లీ పెట్టడం మోసమే. గాలి కంప్రెసర్‌తో పిస్టన్‌ను బయటికి ఊదే అలవాటు మరీ ప్రమాదకరం. 54 మిల్లీమీటర్ల పిస్టన్ మీద 7 బార్ల గాలి సుమారు 160 కిలోల బరువంత బలం చూపిస్తుంది. ఎదురుగా వేళ్లుంటే నలిగిపోతాయి.

ఇప్పుడు చట్టం సంగతి. సొంత కారు పొగ పరీక్షకు ఏటా వెళ్లాలి. దాని బ్రేకులను ప్రభుత్వం తరఫున ఎవరైనా చూడాలంటే రిజిస్ట్రేషన్ గడువు తీరే 15 ఏళ్ల దాకా ఆగాలి. రవాణా వాహనాలకు మొదట రెండేళ్లకోసారి, 8 ఏళ్లు దాటాక ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంది. బ్రిటన్‌లో కారుకు మూడేళ్లు నిండగానే ఏటా పరీక్ష తప్పనిసరి. అందులో బ్రేకుల పనితీరునూ కొలుస్తారు. ఇక్కడ ప్రతి ఊళ్లో అలాంటి యంత్రాలు పెట్టాలంటే డబ్బూ కాలమూ కావాలి, ఆ వాదనలో నిజముంది. కానీ బ్రేక్ ఆయిల్‌లో ఎంత నీరు చేరిందో చూపే పరికరం పెన్ను సైజులో దొరుకుతుంది. డబ్బా మూత తీసి ముంచితే క్షణాల్లో రంగు దీపం వెలుగుతుంది. వేడిని కొలిచే థర్మామీటర్ కరోనా రోజుల్లో ప్రతి దుకాణం గుమ్మం ముందూ కనిపించిన పరికరం లాంటిదే. పొగ కేంద్రంలో సైలెన్సర్‌లో గొట్టం పెట్టి అంకెల కోసం ఎదురుచూసే రెండు నిమిషాల్లోనే ఈ రెండు పనులూ అయిపోతాయి. ఖాడీలు పొంగే నగరాల్లో వానలు తగ్గాక, దీపావళి సెలవులకు జనం దూర ప్రయాణాలు పెట్టుకునే ముందు, ఈ పరీక్ష మొదలుపెట్టవచ్చు.