‘ఏడుందో తెల్వదక్కా!’

మన పోపులడబ్బా ఇంకెవరో సర్ది పెడితే ఏమవుతుంది? జీలకర్ర అందులోనే ఉంటుంది. చేతికి మాత్రం దొరకదు! పెళ్లికి ముందు కంప్యూటర్ నేర్చుకుని, పిల్లలు పెద్దయ్యాక మళ్లీ దాని ముందు కూర్చునే ఆడవాళ్ల అవస్థ అచ్చం ఇలాంటిదే.

మొన్నామధ్య ఓ దరఖాస్తు టైప్ చేయించడానికి నల్గొండలో ఓ జిరాక్సు దుకాణానికి వెళ్లాను. కొత్తగా చేరినామెకు నలభై ఏళ్లుంటాయేమో. ఎప్పుడో మహబూబ్‌నగర్‌లో పీజీడీసీఏ చేసిందట. టకటకా టైప్ చేసేసింది. మార్జిన్ తగ్గించమనేసరికి చెయ్యి ఆగిపోయింది. “నేను నేర్చుకున్నప్పుడు ఫైల్ మెనూల ఉండె. ఇప్పుడు ఏడుందో తెల్వదక్కా” అంది చిన్నబోయి. పక్క సీటు అబ్బాయి వచ్చి, మౌస్ అందుకుని, క్షణంలో చేసేసి వెళ్లాడు. నా పనైతే అయింది. ఆమెకేం వచ్చింది?

నిజానికి తప్పు ఆమెది కాదు. 2007 వర్డ్‌లో పాత మెనూలు పోయి రిబ్బన్ వచ్చింది. ఆదేశాలన్నీ చోట్లు మారాయి.

“ఆల్ట్ పట్టుకుని క్యూ నొక్కమ్మా” అన్నాను. పైన సెర్చ్ గడిలో కర్సర్ నిలిచింది. ‘మార్జిన్స్’ అని ఇంగ్లిషులో కొట్టగానే ఆ ఆదేశం కిందే ప్రత్యక్షం! 2016 వర్డ్ నుంచి ఈ సౌకర్యం ఉంది. గూగుల్ డాక్స్‌లో అయితే ఆల్ట్‌తో పాటు స్లాష్. ఇంకా పాత వర్డ్ అయితే ఆల్ట్ ఒక్కటే నొక్కి వదలండి. 2007 నుంచి వచ్చినవాటిలో ఒక్కో ట్యాబ్ దగ్గర ఒక్కో అక్షరం కనిపిస్తుంది. వాటిని నొక్కుతూ పోతే దారి అదే దొరుకుతుంది. పొరపాటు జరిగితే కంట్రోల్ జడ్ ఉండనే ఉంది. భయమెందుకు?

ఏది ఎక్కడుందో బట్టీ పట్టక్కర్లేదు. ఏం కావాలో దాని పేరు తెలిస్తే చాలు. రోజూ అవసరమయ్యే పదిహేను పేర్లు నోటుబుక్కు చివరి పేజీలో రాసి పెట్టుకోండి.

సాయం చేసేవాళ్లకూ ఓ మాట. మౌస్ లాక్కోకండి. పక్కన నిలబడి ఏ మీట నొక్కాలో చెప్పండి. మీరు చేసిపెడితే ఆ పూట గడుస్తుంది. ఆమె వేలితో ఆమే నొక్కితే ఉద్యోగం నిలబడుతుంది. ఏమంటారు?