కొలతకు చిక్కిన వెలుగు

బల్బు కొనడానికి వెళ్లి ఇంకా వాట్లే అడుగుతున్నాం. అవి చెప్పేది కరెంటు ఖర్చు. వెలుగు లెక్క ల్యూమెన్లలో ఉంటుంది. ఈ ల్యూమెన్ చిత్రమైనది. కిలోకీ మీటరుకీ మనిషితో పని లేదు, దీనికి మాత్రం మన కన్నే తూకపురాయి. పట్టపగలు మన చూపు 555 నానోమీటర్ల దగ్గరి పచ్చటి కాంతికి అన్నిటికన్నా బాగా స్పందిస్తుంది. అక్కడ ఒక వాటు కాంతి అంటే 683 ల్యూమెన్లు. అదే వాటు అతినీలలోహితం (యూవీ) అయితే? దాదాపు సున్నా!

ఆ కిరణాలున్నాయని 1801లో జర్మనీలో రిటర్ అనే శాస్త్రవేత్త పట్టుకున్నదీ కంటితో కాదు, ఊదారంగు అంచు దాటాక కూడా నల్లబడిన సిల్వర్ క్లోరైడ్‌తో. వాటిని నేటికీ చదరపు మీటరుకు ఇన్ని వాట్లని కొలుస్తారు. అయితే చర్మానికి ఆ లెక్క చాలదు. 300 నానోమీటర్ల కిరణానికి కందినంతగా 360 దానికి కందదు. అందుకే యూవీ సూచికలో చర్మం కందే తీరును బట్టి ఒక్కో కిరణానికీ ఒక్కో విలువ కడతారు. అలా కట్టాక వచ్చే మొత్తంలో చదరపు మీటరుకు 25 మిల్లీవాట్లు ఒక పాయింటు. ఇది ఎండవేడి కొలత కాదు. చల్లటి కొండమీదా పెరుగుతుంది.

ఈ సంచిక ముఖ్య కథనం ఈ కిరణాలను కొలిచే మీటర్ల గురించే. చవకగా దొరికే యూవీ మీటర్ల మీద నాదొక మాట: ఏ తరంగదైర్ఘ్యాల మధ్య కొలుస్తుందో పెట్టె మీద రాయనిది కొనకండి.